మేనేజ్డ్ సర్వీసెస్ సేల్స్ ఉద్యోగం విజయవాడలో వచ్చింది, చేరొచ్చా?

పటమట పిల్లోడు:
అందరికీ నమస్కారం. బీకామ్ అయ్యాక బెజవాడలోనే సీసీటీవీ కెమెరాలు, బయోమెట్రిక్ మెషీన్లు అమ్మే షాపులో ఫీల్డ్ సేల్స్ చేస్తున్నాను. ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఐటీ కంపెనీ బిజినెస్ డెవలప్‌మెంట్ ఎగ్జిక్యూటివ్‌గా తీసుకుంటామంటోంది. పని ‘మేనేజ్డ్ సర్వీసెస్’ అమ్మడం. ఇంటర్వ్యూలో చెప్పింది సగమే అర్థమైంది. కస్టమర్ ఆఫీసులో కంప్యూటర్లు, సర్వర్, నెట్‌వర్క్, బ్యాకప్ అన్నీ వీళ్ళే చూసుకుంటారట, నెలనెలా ఇంత అని బిల్లు వేస్తారట. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది కదా, దీనికీ దానికీ తేడా ఏంటి? అసలు విజయవాడ, గుంటూరు వైపు ఇది కొనేవాళ్ళు ఉన్నారా? బేసిక్ ఇప్పటికన్నా కాస్త ఎక్కువే, మిగతాదంతా ఇన్సెంటివ్ అంటున్నారు. ఇంట్లో మాత్రం ‘హైదరాబాద్ పో’ అని గోల. ఈ లైన్లో ఉన్నవాళ్ళు చెప్పండి.

సర్వర్‌రూమ్:
నేను అమ్మేవాణ్ణి కాదు, మీరు అమ్మినదాన్ని మోసేవాణ్ణి. అయినా తేడా చెప్తాను. ఏఎంసీలో చెడిపోయాక ఫోన్ వస్తుంది, మేం వెళ్తాం. మేనేజ్డ్‌లో ప్రతి సిస్టమ్‌లో ఒక చిన్న ఏజెంట్ సాఫ్ట్‌వేర్ వేస్తాం. డిస్క్ నిండుతోందా, యాంటీవైరస్ అప్‌డేట్ ఆగిందా, రాత్రి బ్యాకప్ పడిందా అన్నది మా ఆఫీసు స్క్రీన్ మీదే కనిపిస్తుంది. విండోస్ ప్యాచ్‌లు, అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్లు, రాత్రిపూట ఇక్కణ్ణుంచే వేసేస్తాం. డబ్బు లెక్కలో చూస్తే తేడా ఇంకా తేలిక. విజిట్‌కి 500 తీసుకునే కుర్రాడికి సిస్టమ్ చెడిపోతేనే ఆదాయం. నెల ఫీజు తీసుకునేవాడికి చెడిపోతే ఖర్చు. నీ పిచ్ మొత్తం ఇదే, మిగతాదంతా డెకరేషన్.

ఆటోనగర్ అన్న:
తమ్ముడూ, నేను ఈ లైన్లోకి యూపీఎస్ బ్యాటరీలు అమ్ముతూ వచ్చాను. కాబట్టి నీ సీసీటీవీ అనుభవం దండగ అనుకోకు. బోణీ కాకముందు ఓనర్ ముందు కొటేషన్ పెట్టకూడదని నీకు ఎవరూ నేర్పక్కర్లేదు. బీటెక్ చేసి వచ్చిన కుర్రాళ్ళకు అదే నేర్పలేక చస్తున్నాం.

ఎవరు కొంటారన్నావు. ఐదు కంప్యూటర్లున్న షాపు కొనదు, వాళ్ళ వెంట తిరిగి పెట్రోలు తగలెయ్యకు. సొంత ఐటీ డిపార్ట్‌మెంట్ ఉన్న పెద్ద కంపెనీ నీ దగ్గర కొనదు, హెడ్డాఫీసులో తేల్చుకుంటుంది. మన గిరాకీ ఈ రెండింటి మధ్య. పదిహేను నుంచి వంద దాకా సిస్టమ్స్, ఒక సర్వర్, రెండు మూడు బ్రాంచీలు, వాటిని చూడ్డానికి ప్రత్యేకంగా మనిషి లేడు. మందుల డిస్ట్రిబ్యూటర్లు, ఆటోనగర్ స్పేర్‌పార్ట్స్ డీలర్లు, బండ్ల షోరూములు, సూర్యారావుపేట ఆసుపత్రులు, ల్యాబులు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు, ప్రైవేటు కాలేజీలు.

వాళ్ళ దగ్గర క్లౌడ్, సైబర్ సెక్యూరిటీ అని మొదలుపెడితే టీ కూడా రాదు. లారీ గురించి మాట్లాడు. 50,000 రూపాయలు దాటిన సరుకు కదలాలంటే ఈ-వే బిల్లు కావాలి. టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్ళకు 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేసే బిల్లు, కూడా తప్పనిసరి. సాయంత్రం ఆరింటికి ఆ బిల్లులు తీసే ట్యాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) సర్వర్ ఆగిందనుకో, లోడైన లారీ గోడౌన్ ముందే నిలబడిపోతుంది. హమాలీలు కూర్చుని ఉంటారు, డ్రైవర్ అరుస్తుంటాడు, అవతలి పార్టీ ఫోన్ మీద ఫోన్. ‘అలా ఎప్పుడైనా అయిందా సార్’ అని అడిగి ఇక మాట్లాడకు. ఆయన చెప్తుంటే మధ్యలో బ్రోషర్ తియ్యకు. ఎంతసేపు ఆగింది, ఎవరొచ్చి బాగుచేశారు, ఎంత ఇచ్చారు, ఈ మూడూ రాసుకుని వచ్చెయ్. కొటేషన్ తర్వాత.

మిర్చిఘాటు:
గుంటూరు సంగతి నేను చెప్తా. ఇక్కడ క్యాలెండర్ తెలియకుండా సేల్స్ చెయ్యలేరు. జనవరి దాటాక మిర్చి యార్డు సీజన్. ఆ రోజుల్లో కమీషన్ వ్యాపారినో కోల్డ్ స్టోరేజీ ఓనర్నో కలుద్దామని వెళ్తే బస్తాల మధ్య నిలబడి ఘాటుకు తుమ్ముకుంటూ తిరిగి రావడమే. మే నెలలో యార్డుకు వేసవి సెలవులిస్తారు, అప్పుడు వెళ్ళండి. తీరికా ఉంటుంది, చేతిలో డబ్బూ ఆడుతుంది. కోల్డ్ స్టోరేజీలో స్టాకు మీద బ్యాంకు లోన్లుంటాయి, కాబట్టి ఎవరి బస్తాలు ఎన్ని అన్న లెక్క పోతే కథ చాలా దూరం వెళ్తుంది. బ్యాకప్ అన్న మాట వాళ్ళకు త్వరగా ఎక్కుతుంది.

పొగాకు, మిర్చి ఎగుమతి చేసేవాళ్ళ దగ్గర తలుపు వేరు. వాళ్ళకు ఈమెయిలే ప్రాణం. విదేశీ కొనుగోలుదారుకు మన పేరుతోనే ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఇందులో వెయ్యండి’ అని దొంగ మెయిల్ వెళ్ళిందనుకోండి, కంటైనర్ వెళ్ళిపోతుంది, డబ్బు ఇంకెవడి ఖాతాలోకో పోతుంది. ఈ మోసం గురించి వాళ్ళు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. ఫైర్‌వాల్ గురించి అరగంట చెప్పేకన్నా దీని మీద రెండు నిమిషాలు మాట్లాడితే ‘మా అబ్బాయిని పిలుస్తా, ఉండండి’ అంటారు. కొత్త తరం అబ్బాయి కూర్చున్నాడంటే సగం పని అయినట్టే.

గొల్లపూడి హోల్‌సేల్:
మీరంతా అమ్మేవాళ్ళే, కొనేవాడి మాట కూడా వినండి. అన్నగారు చెప్పిన లారీ కథ బాగుంది గానీ ఈ-వే బిల్లు నేరుగా పోర్టల్లో కూడా తియ్యొచ్చు, మా గుమస్తాకు వచ్చు. మమ్మల్ని మరీ అమాయకుల్ని చెయ్యొద్దు.

మా బాధలు వేరే. ఒకటి, మాట్లాడి వెళ్ళిన సేల్స్ అబ్బాయి ఆర్నెల్లకు ఉండడు, కొత్తవాడొచ్చి మళ్ళీ మొదటినుంచి ‘మీ దగ్గర ఎన్ని సిస్టమ్స్ ఉన్నాయి సార్’ అంటాడు. సంతకం పెట్టేదాకా ఓనరే నేరుగా ఫోన్ ఎత్తుతాడు, తర్వాత ‘టికెట్ పెట్టండి’, అంటే ఆన్‌లైన్లో ఫిర్యాదు నమోదు చెయ్యండి, అంటారు. మాకు సిస్టమ్స్ చూసే కుర్రాడు వన్‌టౌన్ నుంచి స్కూటీ మీద వచ్చి వాలిపోతాడు, అతనికి ఏ టికెట్టూ అక్కర్లేదు. అన్నింటికన్నా పెద్దది, గతంలో ఒక కంపెనీని మానిపిస్తే సర్వర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వడానికి నానా తిప్పలు పెట్టారు. మా సర్వర్, మా డేటా, తాళం వాళ్ళ దగ్గర! అప్పట్నుంచి ‘అన్నీ మేమే చూసుకుంటాం’ అన్న మాట వింటేనే భయం.

ఆటోనగర్ అన్న:
గొల్లపూడి గారూ, ఈ-వే బిల్లు మాట నిజమే. పోర్టల్లో ఆ ఒక్క లారీ వెళ్తుంది, మర్నాడు స్టాకూ బిల్లులూ మళ్ళీ ట్యాలీలో ఎక్కించుకునేది మీ గుమస్తాయే కదండీ. పాస్‌వర్డ్ విషయంలో మాత్రం మీదే నూటికి నూరుపాళ్ళు న్యాయం. తమ్ముడూ, ఇది రాసుకో. ఒప్పందంలో ‘అడ్మిన్ పాస్‌వర్డ్‌లు, లైసెన్సులు, డొమైన్ పేరు కస్టమర్ సొత్తు’ అని మొదటి పేజీలోనే రాయించు. పాస్‌వర్డ్‌లు సీల్డ్ కవర్లో ఓనర్ బీరువాలో పెట్టించు, మారినప్పుడల్లా కవర్ మార్చు. ఖర్చు లేని పని. గొల్లపూడి గారిలాంటివాళ్ళు ఈ ఊళ్ళో బోలెడుమంది, వాళ్ళ దగ్గర ఆ కవరే నీ డెమో.

ఇంకోటి, ఆ స్కూటీ కుర్రాణ్ణి ఓనర్ దగ్గర తక్కువ చేసి మాట్లాడకు. ఆయనకు అతను ఇంటిమనిషి లెక్క. ‘అతన్ని ఉంచండి సార్, చేతి పనులు అతను చూస్తాడు, పర్యవేక్షణ, బ్యాకప్ మేం చూస్తాం’ అను. ఆ కుర్రాడి చిక్కల్లా ఊళ్ళో లేనప్పుడే. అతనికి పెళ్ళి కుదిరినా, గల్ఫ్ వీసా వచ్చినా ఆ ఆఫీసు వివరాలన్నీ అతని బుర్రలోనే వెళ్ళిపోతాయి. అది ఓనర్‌కీ తెలుసు, నువ్వు నొక్కి చెప్పక్కర్లేదు.

నైట్‌షిఫ్ట్ పక్షి:
ఇదే పని ఇంకో రకంగా కూడా ఉంది. నేను గవర్నరుపేటలో కూర్చుని అమెరికాలోని మేనేజ్డ్ సర్వీసెస్ కంపెనీల తరఫున ఫోన్లు చేస్తాను. వాళ్ళ ఈస్టర్న్ టైమ్ ఉదయం తొమ్మిదంటే మనకు ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. లాయర్ ఆఫీసులు, పళ్ళ డాక్టర్లు, చిన్న ఫ్యాక్టరీలు. అక్కడ యూజర్‌కి నెలకు ఇంత అని లెక్క కడతారు, నెల ఫీజు అన్న పద్ధతి వాళ్ళకు కొత్త కాదు. జీతం లోకల్ కంటే మెరుగే. కానీ మా పని అపాయింట్‌మెంట్ కుదిర్చేదాకే. డీల్ అయిందో లేదో కూడా ఒక్కోసారి తెలీదు. కస్టమర్ మొహం చూడని సేల్స్‌లో ఎన్నేళ్ళు ఉన్నా నేర్చుకునేది స్క్రిప్టే. నిద్ర సంగతి అడగొద్దు. లోకల్‌లో మంచి కంపెనీ దొరికితే నేను మీ వైపు వచ్చేస్తా.

మంగళగిరి మేడమ్:
ఆసుపత్రుల గురించి ఎవరూ వివరంగా రాయలేదు కాబట్టి నేను రాస్తాను. గుంటూరు కొత్తపేట, విజయవాడ సూర్యారావుపేట రెండూ నా ఏరియాలే. డాక్టర్ గారిని ఓపీ టైమ్‌లో కలవాలని చూడొద్దు, మెడికల్ రిప్రజెంటేటివ్‌ల క్యూలో మీరు చివరివాళ్ళు. ఓపీ ముగిశాక రాత్రి తొమ్మిదింటికి రమ్మంటారు. అక్కడ నిర్ణయం తీసుకునేది కూడా చాలాసార్లు డాక్టర్ గారు కాదు, వారి శ్రీమతి గారో, బిల్లింగ్ చూసే బావమరిది గారో. ముందు వాళ్ళను కలవండి. ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) క్లెయిమ్‌లు, ఇన్సూరెన్స్ ప్రీ-ఆథరైజేషన్లు (ముందస్తు అనుమతులు) నెట్ మీద ఆధారపడే పనులు. నెట్ పోయిన రోజు డిశ్చార్జి అవ్వాల్సిన పేషెంట్ బంధువులు బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఎలా ఉంటారో ఆ కౌంటర్ అమ్మాయినడగండి. రెండో ఇంటర్నెట్ లైను, అది దానంతటదే మారే ఏర్పాటు, ఇదే నేను మొదట అమ్మేది. మిగతావి దాని వెనక వస్తాయి.

ఈ ఫీల్డ్‌కి రావాలనుకునే అమ్మాయిలకు ఒక మాట. రాత్రి మీటింగులకు మా ఇంజనీర్‌ని వెంటబెట్టుకునే వెళ్తాను, కంపెనీ ఒప్పుకోకపోతే ఆ మీటింగ్ వదిలేస్తాను. ఇది చేరేముందే మాట్లాడుకోండి.

పటమట పిల్లోడు:
అందరికీ చాలా థాంక్స్. గొల్లపూడి గారూ, మీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఇప్పుడు డబ్బు సంగతి. ఇన్సెంటివ్ ఎలా లెక్కేస్తారు? మా షాపులో అయితే అమ్మిన కెమెరాకి ఇంత అని సాయంత్రానికే తేలిపోయేది.

ఆటోనగర్ అన్న:
ఇక్కడ సాయంత్రానికి తేలదు, అదే అలవాటు చేసుకోవాలి. మొదటి మాట నుంచి సంతకం దాకా నెలలు పడుతుంది. ఉదాహరణకు 25 సిస్టమ్స్ ఆఫీసు, సిస్టమ్‌కి నెలకు 600 అనుకుందాం. నెలకు 15,000, ఏడాదికి 1,80,000. దాని మీద 18 శాతం జీఎస్టీ, 32,400. ఓనర్ మనసులో పడే అంకె 2,12,400, అదీ ఒకేసారి. ఆ జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుందని, అంటే ఆయన కట్టాల్సిన జీఎస్టీలో తగ్గుతుందని గుర్తుచెయ్యి. ఆసుపత్రులకు మాత్రం ఆ మాట అనకు, వైద్య సేవల మీద జీఎస్టీ లేదు కాబట్టి వాళ్ళకు ఆ క్రెడిట్ రాదు, అది వాళ్ళకు ఖర్చే.

ఇన్సెంటివ్ రకరకాలు. కొందరు మొదటి నెల బిల్లు మొత్తం నీకిస్తారు, అక్కడితో సరి. కొందరు ఆ కస్టమర్ ఉన్నన్నాళ్ళూ నెలనెలా కొంత శాతం ఇస్తారు. రెండోది మొదట్లో చిన్నగా కనిపిస్తుంది. నేను మాత్రం ఎవరికైనా రెండోదే చెప్తాను, ఎందుకంటే మొదటి పద్ధతిలో పనిచేసే సేల్స్‌వాడికి రెండో నెలలో కస్టమర్ ఎలా ఉన్నాడన్న పట్టింపు ఉండదు. గొల్లపూడి గారు చెప్పిన బాధకు మూలం అక్కడే ఉంది.

లెక్కల ఆఫీసు:
నేను లబ్బీపేటలో ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తాను. మా దగ్గరికి ఇలాంటి సేల్స్ వాళ్ళు ‘మీ క్లయింట్లకు పరిచయం చెయ్యండి, కమీషన్ ఇస్తాం’ అంటూ వస్తుంటారు. సార్ మర్యాదగా పంపించేస్తారు. ఆయనకు కమీషన్ వద్దు. నెలనెలా 11న జీఎస్టీఆర్-1, 20న 3బి అనే జీఎస్టీ రిటర్నులు వెయ్యాలి, క్లయింట్ ‘సిస్టమ్ పాడైంది సార్, డేటా లేదు’ అనకుండా ఉంటే చాలు. ఆ మాట పట్టుకుని వచ్చిన ఒకాయన్ని మాత్రం సార్ కూర్చోబెట్టి మాట్లాడారు, తర్వాత క్లయింట్లకూ చెప్పారు. మన ఊళ్ళో ఓనర్లు సేల్స్‌మేన్ మాట వినరు గానీ ఆడిటర్ మాట వింటారు. 8 నుంచి 20 మధ్య మాత్రం దయచేసి రావొద్దు.

ఇన్సెంటివ్ బిల్లు మీదా, వసూలు మీదా అని కూడా అడగండి. వసూలు మీద అయితే ఇది తెలిసుండాలి. మీ కంపెనీకి ఉద్యమ్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే) రిజిస్ట్రేషన్ ఉండి, సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే, కస్టమర్ రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. గడువు దాటి మార్చి 31 నాటికి బాకీ ఉంటే ఆ ఖర్చు ఆ ఏడాది ఆదాయంలోంచి తగ్గించుకోవడం కుదరదు, కట్టిన ఏడాదిలోనే తగ్గుతుంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఇది 43బి(హెచ్) సెక్షన్, 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఫిబ్రవరిలో ఈ విషయం కస్టమర్ అకౌంటెంట్‌కి మెల్లగా గుర్తుచేస్తే పాత బిల్లులు కదులుతాయి. అయితే ఇది సేవలకు. ల్యాప్‌టాప్‌లు తెచ్చి అమ్మిన బిల్లుకు, అంటే ట్రేడింగ్‌కు, ఈ వెసులుబాటు లేదు.

సర్వర్‌రూమ్:
డబ్బు మాటలు అయిపోతే నా గోడు వినండి. సేల్స్ వాళ్ళు కస్టమర్ ముందు ‘99.9 శాతం అప్‌టైమ్’ (ఆగకుండా నడిచే సమయం) అనేసి వస్తారు. 30 రోజుల నెలలో 99.9 అంటే మొత్తం ఆగదగ్గ సమయం 43 నిమిషాలు. కాలవ తవ్వేవాడు ఫైబర్ తెంపితే జాయింట్ వెయ్యడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. 99.5 అంటే 3 గంటల 36 నిమిషాలు, దానికైనా మాతో మాట్లాడి చెప్పండి. ‘రెస్పాన్స్ గంటలోపు’ అని మేం రాస్తే మీరు ‘గంటలో బాగుచేస్తారు’ అని చెప్పొస్తారు. ఫోన్ ఎత్తడం వేరు, బాగుచెయ్యడం వేరు. ముగ్గురు ఇంజనీర్లతో 24 గంటల సపోర్ట్ అమ్మిన మహానుభావులూ ఉన్నారు.

మన వైపు నుంచి వచ్చే ప్రమాదం కూడా కస్టమర్‌కి దాచొద్దు. 2021 జూలైలో కసేయా అనే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోని లోపం ద్వారా రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే వైరస్, పాకింది. దాన్ని వాడే సర్వీస్ కంపెనీల కస్టమర్లకే, 800 నుంచి 1,500 దాకా వ్యాపారాలకు, ఒక్కదెబ్బన తాళాలు పడ్డాయి. ఒక్క తాళంచెవితో అన్ని ఇళ్ళూ తెరవగలగడం మన వ్యాపారం బలం, అదే గండం. ‘మీ సొంత భద్రత ఏంటి’ అని అడిగే కస్టమర్ దొరికితే సంతోషించండి, అలాంటివాడు ఎక్కువకాలం ఉంటాడు.

మిర్చిఘాటు:
భయపెట్టి అమ్మడం గురించి కూడా చెప్పాలి. డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, జరిమానా 250 కోట్ల దాకా అని అందులో ఉంది. మొన్న ఒక కుర్రాడు 20 సిస్టమ్స్ ఉన్న ఎరువుల డీలర్‌కి ఆ 250 కోట్లు చూపించాడు. ఆయన నవ్వి ‘బాబూ, అంతుంటే నీ కంపెనీ నేనే కొంటా’ అన్నాడట.

ఆటోనగర్ అన్న:
హహ. భయం కాదు, జరిగింది చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. గ్రౌండ్ ఫ్లోర్‌లో సర్వరూ, దాని బల్ల డ్రాయర్లో బ్యాకప్ హార్డ్ డిస్కూ కలిసే మునిగిన ఆఫీసులున్నాయి. బ్యాకప్ మూడు కాపీలుండాలి, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే బిల్డింగ్‌లోనో క్లౌడ్‌లోనో అని పాఠంలా చెప్తే ఎవరూ వినరు, ఆ డ్రాయర్ సంగతి చెప్తే వింటారు. ‘బ్యాకప్ తీస్తున్నారా’ అని అడక్కు, అందరూ తీస్తున్నామనే అంటారు. ‘చివరిసారి ఎప్పుడు రీస్టోర్ చేసి చూశారు’ అని అడుగు.

తలుపు తెరుచుకోవడానికి ఇంకో మంచి మార్గం, విండోస్ 10. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. ‘మీ దగ్గర అవి ఎన్నున్నాయో, వాటిలో 11కి మారగలిగేవి ఎన్నో ఉచితంగా లెక్కపెట్టి కాగితం మీద ఇస్తాం’ అను. డబ్బు కట్టి అప్‌డేట్లు కొన్నాళ్ళు పొడిగించుకోవచ్చన్నది కూడా దాచకుండా చెప్పు. దాచి కొత్త కంప్యూటర్లు అంటగడితే వాళ్ళ మేనల్లుడు గూగుల్‌లో చూసి చెప్తాడు, నీ పని అక్కడితో సరి.

గొల్లపూడి హోల్‌సేల్:
ఆ విండోస్ లెక్క మాకూ కావాలి. మెసేజ్ పెడతాను అన్నగారూ. సీల్డ్ కవర్ మాత్రం ముందు.

పటమట పిల్లోడు:
ఆఫర్ లెటర్ వచ్చింది. ఇన్సెంటివ్ దగ్గర ‘కంపెనీ పాలసీ ప్రకారం’ అని ఒక్క లైనుంది. డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు రెండేళ్ళు వాళ్ళ దగ్గర పెట్టాలట. పెట్రోల్ గురించి ఏమీ లేదు. గుంటూరు కూడా నా ఏరియానే.

మంగళగిరి మేడమ్:
ఒరిజినల్స్ ఇవ్వొద్దు తమ్ముడూ. చూపించి జిరాక్స్ ఇవ్వు. అది దాటి పట్టుబడితే ఆ కంపెనీని వదిలెయ్. పాలసీ ప్రకారం అంటే ఆ పాలసీ కాగితం అడుగు. శాతం ఎంత, బిల్లు మీదా వసూలు మీదా, కస్టమర్ రెన్యూ చేస్తే నీకు వస్తుందా, నువ్వు మానేస్తే అప్పటిదాకా అమ్మినవాటి బాకీ ఎప్పుడు ఇస్తారు, ఇవి మెయిల్‌లో రావాలి. రోజూ గుంటూరు వెళ్ళి రావాలంటే పెట్రోలు నీ జేబులోంచి పెట్టుకుంటే బేసిక్‌లో పెరిగిందంతా బండికే పోతుంది, కిలోమీటర్‌కి ఇంత అని రాయించుకో. ఇంకోటి, మొదటి మూడు నెలలు టార్గెట్ ఉందా లేదా అడుగు. ఈ లైన్లో మూడు నెలల్లో డీల్ పడితే అదృష్టం, అది తెలిసినవాళ్ళు కొత్తవాడికి మీటింగుల మీద టార్గెట్ పెడతారు, అమ్మకాల మీద కాదు.

పటమట పిల్లోడు:
సరే అక్కా. సోమవారం ఈ ప్రశ్నలన్నీ మెయిల్‌లో పెడతాను. ఒరిజినల్స్ ఇవ్వనని ఫోన్లోనే చెప్పేశాను, ‘ఓనర్‌ని అడిగి చెప్తాం’ అన్నారు.